మోటారుకారునకు బాడీ కిట్టు: ఎన్నిక, అమర్పు
(పురుషోత్తంపూర్ ప్రాంతమునకు అన్వయించి ఒక పరిశీలనము)

ఋషికుల్యా తీరమున, తారాతారిణి కొండకు చేరువగా నున్న పురుషోత్తంపూర్ పట్టణమున చైత్రమాసపు మంగళవారములందు జనసమ్మర్దము చెప్పనలవి గాదు. పసిబిడ్డల పుట్టువెండ్రుకలు తీయించుటకై బరంపురము, ఛత్రపురము, ఇచ్ఛాపురము మొదలగు చోట్లనుండి కుటుంబములు తరలివచ్చును. పూర్వము బండ్లపై వచ్చినవారి మనుమలు నేడు కార్లపై వచ్చుచున్నారు. ఆ కార్లలో కొన్నిటికి ముందు బంపరు క్రింద నేలను తాకునట్లు వ్రేలాడు పలకలు, ప్రక్కల స్కర్టులు, వెనుక రెక్కవంటి అమరికలు కనబడును. చిన్నకారును పందెపుకారు వలె దిద్దు ఈ సామగ్రికి బాడీ కిట్టు అని పేరు.

గంజాం మండలపు వారిలో అనేకులు జీవనార్థము దూరదేశములకు పోవుట కొత్త కాదు. ఒకప్పుడు గోపాలపురపు రేవున ఓడలెక్కి రంగూను పోయిరి; తరువాత సూరత్ నగరపు మరమగ్గములకు పోయిరి. అట్లు కూడబెట్టిన సొమ్ముతో కుటుంబమునకు మొదటి కారు కొనుట గొప్ప సంతోషము. దానిని అలంకరింపవలెనను కోరికయు సహజమే. కాని ఆ అలంకారము వలన కారు చెడునా, బాగుపడునా, చట్టమునకు లోబడునా, ప్రమాదవేళ కుటుంబమును కాచునా యను ప్రశ్నలు కొనునప్పుడు అడుగువారు తక్కువ. ఈ వ్యాసమున బాడీ కిట్టు స్వరూపము, దాని పూర్వచరిత్ర, పదార్థభేదములు, ఎన్నుకొను విధము, అమర్చు క్రమము, దానిని గూర్చిన శాసనము వరుసగా వివరింపబడుచున్నవి.

1. పదనిర్ణయము

ఎడ్లబండిని ఎరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. బండిలో ఇరుసు, చక్రములు, పోలుగఱ్ఱలు, కాడి అనునవి బరువు మోయునవి, లాగునవి. వాటిపై కట్టు గూడు మనుష్యులకు నీడ నిచ్చునది. గూడు విప్పినను బండి నడచును. పోలుగఱ్ఱ విరిగినచో నడువదు. తొలికాలపు మోటారుబండ్లును ఇట్లే నిర్మింపబడెను. క్రింద ఇనుప చట్రము, అనగా చాసిస్. పైన వేరుగా కట్టిన బాడీ. నేటి లారీలు, అనేకములైన బస్సులు ఈ పద్ధతినే అనుసరించుచున్నవి.

కార్ల విషయమున ఈ పద్ధతి మారినది. ఇటలీ దేశపు లాంచియా లాంబ్డా అను కారున 1922లో చట్రమును బాడీని ఏకము చేసిరి. క్రమముగా ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను. నేటి చిన్నకారులో వేరుగా చట్రము లేదు. రేకుల పెట్టెయే బరువు మోయును. గూడే పోలుగఱ్ఱ యైనదన్నమాట. అందువలన కారు దేహమున రెండు తరగతుల భాగములు గలవని గుర్తింపవలెను. స్తంభములు, నేలరేకు, తలుపుల క్రింది దూలములు మోయు భాగములు. బంపరు తొడుగులు, ముందు చక్రములపై రెక్కలు, అలంకారపు పట్టీలు బోల్టులతోను క్లిప్పులతోను తగిలించిన భాగములు. బాడీ కిట్టు అనునది రెండవ తరగతికి చెందినది, చెందవలసినది. మొదటి తరగతి భాగములను కోయుట గాని, కాల్చి అతుకుట గాని అవసరమైనచో అది అలంకారము కాదు, నిర్మాణమును మార్చుటయే. ఈ భేదమే తరువాత చెప్పబోవు సమస్త విషయములకు మూలము.

సాధారణముగా ఒక కిట్టులో ముందు బంపరు క్రింద తగిలించు అంచుపలక, ప్రక్కల రెండు స్కర్టులు, వెనుక బంపరు అడుగుపలక, డిక్కీపై స్పాయిలరు ఉండును. కొన్నిటిలో చక్రపు కమానులపై వెడల్పు పట్టీలును చేరును. మరికొన్నిటిలో బంపర్లనే పూర్తిగా తీసి వేరు బంపర్లు పెట్టుదురు.

2. పూర్వచరిత్ర

గంజాం ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు రాజధానిలో భాగము. ఆ రాజధానిలో బండికట్టు పనికి పేరుపొందిన సంస్థ మద్రాసునందలి సింప్సన్ కంపెనీ. 1840లో స్థాపింపబడిన ఈ సంస్థ గుఱ్ఱపు జీనులు, గుఱ్ఱపుబండ్లు చేయుటతో ఆరంభించి తరువాత మోటారు వాహనములకు బాడీలు కట్టెను. 1903లో అచ్చటనే ఒక ఆవిరికారు నిర్మింపబడెను. కొయ్యపని యెరిగిన చేతులే రేకుపని నేర్చుకొనెను. గుఱ్ఱపుబండి గూడు మోటారుపై కెక్కెను.

ఆంధ్రదేశమున ఈ విద్యకు నేటికిని పెద్ద నిలయము విజయవాడ ఆటోనగరు. అచ్చట చాసిస్‌తో వచ్చిన లారీకి కొయ్యతోను ఇనుముతోను బాడీ కట్టి, రంగులు వేసి పంపుదురు. వడ్రంగి, కమ్మరి, రంగులపనివాడు, అక్షరములు వ్రాయువాడు ఒక్క లారీపై చేతులు కలుపుదురు. కారునకు కిట్టు అమర్చు కళ ఈ వృత్తులకు చుట్టమే గాని, లారీకి చెల్లినది కారునకు చెల్లదు. లారీ బాడీ క్రిందనున్న చాసిస్ బరువు మోయును. కారునకు అట్టి అండ లేదు.

బాడీ కిట్టు అను ఆలోచన పందెపుకార్లనుండి పుట్టినది. వేగము పెరిగినకొలది గాలి కారును పైకెత్త జూచునని, చక్రములకు నేలపట్టు తగ్గునని పందెగాండ్రు గ్రహించిరి. ముందు అంచుపలక, వెనుక రెక్క ఆ యెత్తుడును తగ్గించు సాధనములు. జర్మనీ దేశపు పోర్షె కంపెనీ 1972లో చూపిన కరేరా ఆర్.ఎస్. కారు వెనుక బాతుతోకవంటి స్పాయిలరు ఉండెను. 1973లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తన 3.0 సి.ఎస్.ఎల్. అను కారునకు పెద్దరెక్కను సిద్ధము చేసెను. అట్టి రెక్క జర్మనీ రోడ్లపై చట్టసమ్మతము కాకపోవుటచే దానిని బిగింపక డిక్కీలో పెట్టి కొనుగోలుదారునకు అందజేసిరి. తయారుచేసిన కంపెనీయే అమర్చుటకు వెనుదీసిన సంగతి గమనింపదగినది. పందెపు బాటకు తగినది బజారు బాటకు తగకపోవచ్చును.

మన దేశమున అంబాసిడరు కారు 1957 నుండి 2014 వరకు తయారైనది. దానికి మెరుగుపెట్టిన ఇనుప బంపర్లుండెడివి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత తేలిక కార్లు వాడుకకు వచ్చి, క్రమముగా ప్లాస్టిక్కు బంపర్లు సర్వసామాన్యమయ్యెను. ఇనుప బంపరును మార్చుట కష్టము. ప్లాస్టిక్కు తొడుగును విప్పి వేరొకటి తొడుగుట సులభము. కిట్టుల వ్యాపారమునకు ఈ సౌలభ్యమే దారి తీసినది.

3. గాలి లెక్క

కిట్టు అమర్చినచో కారు రోడ్డును పట్టుకొని నడచునని అమ్మువారు చెప్పుదురు. ఈ మాటను లెక్కతో పరీక్షింపవచ్చును. గాలి వలన కలుగు బలము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఉన్న బలమునకు 120 కిలోమీటర్ల వేగమున తొమ్మిదిరెట్లు బలము పుట్టును. ఒక చదరపు మీటరులో అయిదవవంతు వైశాల్యము గల రెక్కను, దాని గుణకము సగమని తీసుకొని లెక్కవేసినచో, 40 కిలోమీటర్ల వేగమున అది కారును క్రిందికి నొక్కు బలము రమారమి ముప్పాతిక కిలో బరువు. 120 కిలోమీటర్ల వేగమున అది 7 కిలోలకు కొంచెము లోపు. కారు బరువు 900 కిలోలని యెంచినచో, పురుషోత్తంపూర్ బజారులో రెక్క చేయు మేలు డిక్కీలో ఒక కొబ్బరికాయ వేసినంత మాత్రమే.

పైగా డిక్కీకి ఆనుకొని తక్కువ ఎత్తున అమర్చిన రెక్కపైకి తిన్నగా గాలి రాదు. కారు కప్పుమీదుగా వచ్చు సుడిగాలి మాత్రమే తగులును. అప్పుడు పై లెక్కలోని స్వల్పబలమైనను పుట్టదు. తప్పుకోణమున అమర్చిన రెక్క గాలిని అడ్డగించి పెట్రోలు ఖర్చును పెంచును. కావున మన రోడ్లపై కిట్టు అందము కొరకేనని ఒప్పుకొనుట నిజాయితీ. అందమును కోరుట తప్పు కాదు. అందము కొరకు ఏమి వదలుకొనవలసి వచ్చునో యెరుగుటయే ముఖ్యము.

4. పదార్థభేదములు

కిట్టులు ముఖ్యముగా నాలుగు పదార్థములతో చేయబడుచున్నవి.

మొదటిది గాజునార, అనగా ఫైబరు గ్లాసు. గాజునారను పాలియెస్టరు రెసినులో తడిపి, అచ్చునందు పొరలుగా పఱచి, గట్టిపరచు ద్రవమును కలిపి ఆరనిచ్చినచో పలక తయారగును. 1953లో అమెరికా దేశపు షెవర్లే కార్వెట్ కారు ఈ పదార్థముతోనే చేయబడెను. గంజాం తీరమున ఈ పదార్థము క్రొత్తది కాదు. గోపాలపురము మొదలగు రేవులందు తెలుగు జాలరులు వాడు ఫైబరు పడవలు ఇట్టివే. పడవకు చిల్లి పడినప్పుడు గాజునారపట్టీ వేసి రెసిను పూయుట వారికి నిత్యకృత్యము. కావున గాజునార కిట్టు పగిలినచో బాగుచేయు చేతులు సమీపముననే గలవు. కాని ఇది పెళుసు. దెబ్బ తగిలినప్పుడు వంగక పగులును, పగిలిన అంచు కత్తివలె వాడియగును. చేతితో పఱచిన పలకల మందము ఒకచోట హెచ్చుగా, ఒకచోట తక్కువగా ఉండుటచే కారునకు సరిగా అతుకకపోవుటయు తరచుగా జరుగును.

రెండవది ఏ.బి.ఎస్. అను గట్టి ప్లాస్టిక్కు. దీని ఉపరితలము నునుపు, రంగు చక్కగా పట్టును. కాని ఎక్కువ వేడికి మెత్తబడును. ఎండలో చాలకాలమున్న, రంగు వేయని భాగము పెళుసెక్కును. మూడవది పాలీప్రొపిలీను. కంపెనీలు బంపర్లకు అధికముగా వాడునది ఇదియే. వంగి మరల యథాస్థితికి వచ్చును. దీనిపై రంగు సులభముగా నిలువదు. ముందుగా అతుకు ప్రైమరు పూయనిచో ఏడాదిలోనే పొరలుగా ఊడును. నాలుగవది పాలీయురిథేను. రబ్బరువలె సాగు గుణము గలది, దెబ్బలకు ఓర్చునది. కాని బరువు హెచ్చు, ఆధారము చాలనిచోట కాలక్రమమున జారును. కార్బను నార అను అయిదవ పదార్థము తేలికయు దృఢమునైనది గాని దాని వెల సామాన్య గృహస్థునకు అందదు. బజారులో కార్బను పేరిట దొరకునవి పెక్కు గాజునారపై నల్లగళ్ళ కాగితము అంటించినవే.

పురుషోత్తంపూరునకు అనతిదూరమున జౌగడ యున్నది. అశోకుని శిలాశాసనముచే ప్రసిద్ధమైన ఆ చోటి పేరున జౌ అనగా లక్క. అది లక్కకోట యని జనుల వాడుక. లక్కయు ప్రకృతి యిచ్చిన ఒక రెసినే. చూపునకు మెరుపు, నిప్పునకు లొంగుబాటు దాని గుణములు. నేటి రెసినుల గుణములును అట్టివే. ఇంజను పొగగొట్టము చెంత వెనుకపలకను అమర్చువారు ఈ గుణమును మరువరాదు.

5. కంపెనీ కిట్టు, బయటి కిట్టు

కారు తయారుచేసిన కంపెనీయే తన విక్రయశాలల ద్వారా అమ్మునది మొదటి రకము. ఆ కారు కొలతలకే అచ్చు తీయబడినది. కంపెనీ ముందే ఏర్పరచిన రంధ్రములకు, క్లిప్పులకు కుదురును. రంగు సంఖ్య కారు రంగుతో సరిపోవును. కారునకు గల హామీకి భంగము రాదు. వెల హెచ్చు, రకములు తక్కువ. ఇతరులు చేసి అమ్మునది రెండవ రకము. వెల తక్కువ, రకములు అనేకము. ఒక్క నమూనాను ఇద్దరు చేసినను రెండును ఒక్కతీరున ఉండవు.

బయటి కిట్టు కొనువారు పరీక్షింపవలసినవి కొన్ని గలవు. కారు పేరు మాత్రమే గాక తయారైన సంవత్సరము, రూపభేదము సరిపోవలెను. ఒకే పేరుతో వచ్చు కార్లకు మధ్యమధ్య బంపరు మారుచుండును. పలకను వెలుతురునకు అడ్డముగా పట్టి చూచినచో గాజునార సమముగా పఱచినదో లేదో తెలియును. వెనుక ప్రక్క గాలిబుడగలు, తడియని నార కనబడినచో వదలివేయవలెను. జత స్కర్టులను ప్రక్కప్రక్కన పెట్టి పొడవు, వంపు పోల్చవలెను. రంగు వేసిన తరువాత తిరిగి తీసుకొనరు గనుక రంగునకు ముందే కారుపై ఆనించి చూచుటకు అంగీకారము పొందవలెను. రసీదుపై పదార్థము పేరు వ్రాయించుకొనవలెను.

6. నేల ఎడము

ఎన్నికలో అన్నిటికంటె ముఖ్యమైనది నేలకును కారు అడుగుభాగమునకును గల ఎడము. ఇందు పొరపాటు పడినవారే హెచ్చు. ఒక గృహస్థుడు చిన్నకారును కొని ముందు అంచుపలకను అమర్చదలచెనని అనుకొందము. ఖాళీకారున ముందుభాగపు ఎడము 170 మిల్లీమీటర్లు. అయిదుగురు కూర్చుండినచో స్ప్రింగులు నొక్కుకొని 40 మిల్లీమీటర్లు తగ్గును. అంచుపలక ఎత్తు 50 మిల్లీమీటర్లు. మిగిలినది 80 మిల్లీమీటర్లు.

ఇప్పుడు స్పీడు బ్రేకరు సంగతి చూడవలెను. భారతీయ రోడ్ల కాంగ్రెసు ప్రమాణము ప్రకారము దాని వెడల్పు 3.7 మీటర్లు, నడుమ ఎత్తు 10 సెంటీమీటర్లు; 17 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తఖండమువలె ఉండవలెను. కారు ముందుచక్రము దాని మొదటిని తాకునప్పటికి, చక్రమునకు 75 సెంటీమీటర్లు ముందున్న అంచుపలక దానిపైకి వచ్చియుండును. ఆ చోట దిమ్మ ఎత్తు 65 మిల్లీమీటర్లు. పలకకు మిగిలిన ఎడము 15 మిల్లీమీటర్లు మాత్రమే. సహజముగా డ్రైవరు అచ్చట బ్రేకు నొక్కును. బ్రేకు నొక్కగా కారు ముందునకు వంగును. ఆ 15 మిల్లీమీటర్లును పోవును. ప్రమాణము ప్రకారము కట్టిన దిమ్మపైననే ఇట్లయినచో, ఊరివారు ఇటుకలతో కట్టిన ఇరుకు దిమ్మలపై, కాలువ దాటు కల్వర్టుల ఒంపులపై, వానకాలపు గుంతలలో ఏమగునో ఊహింపవచ్చును. అమర్చిన మొదటి మాసముననే పలక పగులుట దౌర్భాగ్యము కాదు, కొలువకపోవుటకు ఫలము.

కావున కొనుటకు ముందు చదునైన నేలపై కారును నిలిపి, కుటుంబమంతయు కూర్చుండగా ఎడమును కొలువవలెను. పిదప ఆ పలక ఎత్తున ఒక అట్టముక్కను బంపరు క్రింద అంటించి, నిత్యము పోవు దారులలో ఒక వారము నడిపి చూడవలెను. అట్ట చిరిగినచో పలక పగులును. ఖర్చు లేని పరీక్ష ఇది.

7. అమర్చు క్రమము

అమర్పున తొలిపని విప్పిచూచుట. కారును కడిగి, కిట్టులోని పలకలను రంగు వేయకముందే పట్టీలతో కారుపై ఆనించి అన్ని సందులను పరీక్షింపవలెను. కుడి ఎడమల ఎత్తులు నేలనుండి కొలిచి సరిచూడవలెను. హెచ్చుతగ్గులున్నచో పలకనే అరుగదీయవలెను గాని కారు రేకును వంచరాదు.

రెండవది రంగు. గాజునార పలకకు అచ్చునుండి వచ్చిన మైనపు పొర యుండును. దానిని కడిగి, ఉప్పుకాగితముతో రుద్ది, పుట్టీతో సన్నని గుంటలు పూడ్చి, ప్రైమరు, రంగు, పైమెరుపు వరుసగా వేయవలెను. వంగు ప్లాస్టిక్కులకు రంగులో సాగు ద్రవము కలుపనిచో వంపులందు పగుళ్ళు పుట్టును. వానకాలపు తేమలో వేసిన రంగు పాలవలె తెల్లబారును. గంజాం తీరమున ఆషాఢము మొదలు ఆశ్వయుజము వరకు మూసిన షెడ్డున గాని ఈ పని చేయరాదు.

మూడవది బిగింపు. కంపెనీ ఏర్పరచిన రంధ్రములను, క్లిప్పులను ముందుగా వాడవలెను. క్రొత్త రంధ్రము తప్పనిసరియైనచో తొలిచిన అంచునకు వెంటనే త్రుప్పునిరోధక ప్రైమరు పూయవలెను. సముద్రపు ఉప్పుగాలి ఈ ప్రాంతమున లోపలివరకు వీచును. ఒక చిన్న రంధ్రమునుండి త్రుప్పు దూలమంతట వ్యాపించును. మరలు తుప్పుపట్టని ఉక్కువి కావలెను. రెండువైపుల జిగురు గల పట్టీని వాడునప్పుడు మైనము, నూనె లేకుండ స్పిరిటుతో తుడిచి, గట్టిగా నొక్కి, 72 గంటలు కారును కడుగకుండ ఉంచవలెను. అతుకు పూర్తిబలము పొందుటకు అంత కాలము పట్టును. పొడవైన పలకలకు జిగురు ఒక్కటే చాలదు, మరలును ఉండవలెను. దారిలో ఊడిన స్కర్టు వెనుకవచ్చు మోటారుసైకిలువానికి మృత్యువు కావచ్చును.

నాలుగవది పరీక్ష. తలుపుల క్రింది దూలములందు నీరు పోవు రంధ్రములు గలవు. స్కర్టు వాటిని మూసినచో లోపల నీరు నిలిచి దూలము క్రుళ్ళును. జాకీ ఆనించు చోట్లు మూతపడినచో, రాత్రివేళ టైరు పంక్చరైనప్పుడు స్కర్టును పగులగొట్టవలసివచ్చును. స్టీరింగును రెండుప్రక్కలకు పూర్తిగా త్రిప్పి, కారు నిండ కూర్చుండి, టైరు కమానును ఒరయకుండుట చూడవలెను. రేడియేటరునకు, బ్రేకులకు గాలి పోవు దారులు తెరచి యుండవలెను. లాగుకొక్కెపు రంధ్రము, వెనుక ఎఱ్ఱని ప్రతిఫలకములు, నంబరుపలక, పైనుండు బ్రేకుదీపము కనబడవలెను. క్రొత్తకార్లలో బంపరు లోపల ఎడము తెలుపు సెన్సార్లు, కొన్నిటిలో రాడారు ఉండును. మందపు పుట్టీ పూసిన పలక వాటి చూపును కప్పివేయును.

8. శాసనము, భీమా

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్చరాదు. మార్పు అనగా వాహనపు మౌలికలక్షణమును మార్చు నిర్మాణభేదమని ఆ విభాగమే వివరించుచున్నది. అనుమతితో మార్పు చేసినప్పుడు 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రమున వ్రాయించుకొనవలెను. 2019 జనవరిలో భారత సర్వోన్నత న్యాయస్థానము కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున తయారీదారు నిర్దేశమే ప్రమాణమని తీర్పు చెప్పినది. అదే సంవత్సరమున చేసిన సవరణచే మార్పుచెందిన 182ఎ విభాగము, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరుమాసముల వరకు కారాగారము గాని, రెండును గాని విధించుచున్నది. ఒక్కొక్కదానికి అను మాట గమనింపదగినది.

ఇనుప బుల్‌బారుల విషయమున కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రములకు ఆదేశము పంపి, వాటిని తొలగింపవలెనని తెలిపెను. ఢీకొన్నప్పుడు బంపరు నలిగి దెబ్బను కొంత మ్రింగును. ఆ దెబ్బను పసిగట్టి గాలిసంచులు తెరచుకొనును. ఇనుప కడ్డీ దెబ్బను తిన్నగా చట్రమునకు అందించి ఈ క్రమమును చెడగొట్టును. అడ్డువచ్చిన పాదచారి యెముకలు ఆ కడ్డీకే తగులును. తారాతారిణి మేళానాడు రోడ్డున నడచువారిలో బిడ్డలనెత్తుకొన్న తల్లులే హెచ్చను సంగతి ఇచ్చట స్మరింపవలెను. కడ్డీ విషయమున చెప్పినది పగిలి వాడియైన గాజునార అంచునకును చెల్లును.

మౌలికనిర్మాణమును తాకక, కొలతలు రంగు మార్చక, కంపెనీ అంగీకరించిన రంధ్రములకే బిగించు కిట్టునకు చిక్కులు తక్కువ. కారు వెడల్పును పెంచు కమానుపట్టీలు, కోతపని కోరు బంపర్లు, రంగుమార్పు మొదలగువానికి ముందుగా ప్రాంతీయ రవాణా కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనుట క్షేమము. షెడ్డువాని నోటిమాట అనుమతి కాదు.

భీమా సంగతియు ఇంతే ముఖ్యము. విద్యుత్తుతో పనిచేయు, పనిచేయని అదనపు అమరికల వెలను తెలుపుటకు భీమా దరఖాస్తున వేరుగా స్థానము గలదు. అచ్చట చెప్పని కిట్టునకు నష్టము కలిగినప్పుడు పరిహారము ఆశింపరాదు. తెలుపని మార్పు ప్రమాదమునకు కారణమైనదని తేలినచో మొత్తము పరిహారమే వివాదమునకు గురికావచ్చును. ఏండ్లతరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క గడి పూరింపకపోవుటచే చిక్కుపడును. ఆ దరఖాస్తు సాధారణముగా ఇంగ్లీషున ఉండును. షెడ్డు మాట ఒడియా. ఇంటి మాట తెలుగు. మూడుభాషల నడుమ అర్థము జారిపోకుండ, సంతకమునకు ముందు ఇంట చదువుకొన్న పిల్లలచేత ప్రతి గడియు చదివించుకొని అర్థము చేసికొనుట ఈ ప్రాంతపు తెలుగువారికి మరింత ఆవశ్యకము.

9. ఉపసంహారము

ఇంతకు మునుపు చెప్పిన గృహస్థుడు అట్టముక్క పరీక్ష చేసినచో అది మూడవనాడే చిరుగును. అతనికి మిగిలిన మార్గము కోరికను విడుచుట కాదు, కుదించుకొనుట. ముందు అంచుపలకను మాని, నేల ఎడమును తగ్గింపని సన్నని ప్రక్కపట్టీలను, బ్రేకుదీపమునకు అడ్డురాని చిన్న స్పాయిలరును కంపెనీ విక్రయశాలలో కొని, రసీదు తీసుకొని, భీమా పత్రమున వ్రాయించినచో అతని కారునకు అందమును దక్కును, కుటుంబమునకు రక్షణయు దక్కును.

సంగ్రహముగా చెప్పవలసినచో క్రమము ఇది: ముందు కొలత, తరువాత చట్టము, ఆపైన పదార్థము, పిదప వెల, చివరకు రూపము. సామాన్యముగా జనులు ఈ క్రమమును తలక్రిందులు చేసి రూపముతో మొదలిడి కొలతతో ముగింతురు. నష్టమునకు మూలము అదియే. పూర్వము బండికి గూడు కట్టు వడ్రంగి ముందుగా ఎడ్ల బలమును, దారి ఇసుకను, ఎక్కువారి సంఖ్యను అడిగి పిమ్మటనే బాడిస పట్టెడివాడు. కారునకు కిట్టు అమర్చువారును, అమర్పించుకొనువారును ఆ ప్రశ్నలనే ముందుగా అడుగవలెను.